రిస్టోర్ కొట్టే ముందు

చిరంజీవి చిన్నాకు, పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడ వన్‌టౌన్‌లో గది తీసుకుని ముప్ఫై కొట్ల లెక్కలు రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం సగం, గుబులు సగం. ముప్ఫై మంది యజమానుల పద్దులు నీ బల్ల కింద ఒక్క పెట్టెలో ఉంటాయి. అందుకే ఇంత రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

తేలికవి ముందు. యూపీఎస్ లేకుండా టాలీ, అదే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, తెరవకు. ఓచరు, అంటే ఒక్కో లావాదేవీ పద్దు, సేవ్ అవుతుండగా కరెంటు పోతే డేటా చెడొచ్చు. రోజూ గది మూసే ముందు అందరిచేతా టాలీ మూయించి, ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తియ్యి. రోజుకో కొత్త ఫోల్డర్ పెట్టి తేదీ పేరు రాయి. టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 వాడే కొట్లతో మరీ జాగ్రత్త. అందులో బ్యాకప్ ఫైలుకు ఎప్పుడూ టీబీకే900 అన్న పేరే, అదే ఫోల్డర్‌లో తీస్తే నిన్నటిది చెరిగిపోతుంది. డీ డ్రైవులోకి కాపీ చేసి బ్యాకప్ తీశానని మాత్రం అనకు. చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కును రెండుగా విడగొడితే సీ, డీ అయ్యాయి. డిస్కు పోతే రెండూ పోతాయి.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు రెండు కొను. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో, శనివారం శనివారం మార్చు. కాపీ అయ్యాక ఎజెక్ట్ చేసి పీకెయ్యి. 2017 మేలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్, మన ఆంధ్ర పోలీసు కంప్యూటర్లనే తాకింది. రాన్సమ్‌వేర్ దూరితే తగిలించి ఉన్న డిస్కును కూడా వదలదు. మూడో కాపీ గూగుల్ డ్రైవులో పెట్టు, అయితే తీసిన బ్యాకప్ ఫైలునే పెట్టాలి. నడుస్తున్న డేటా ఫోల్డర్‌ను దానంతటదే కాపీ చేసే సింక్‌కు అప్పగిస్తే, టాలీ రాస్తున్న ఫైలును అది మధ్యలో పట్టుకుని అసలు డేటానూ, కాపీనీ రెండింటినీ పాడు చేయొచ్చు.

ఇక అసలు భయం. ఈ వృత్తిలో డేటా పోగొట్టేది బ్యాకప్ లేకపోవడం ఒక్కటే కాదు, కంగారులో చేసే రిస్టోర్, అంటే బ్యాకప్‌ను తిరిగి టాలీలోకి దించడం కూడా.

ఎలాగంటావా? టాలీలో ఒక కొట్టు పద్దులన్నీ కలిపి ఒక కంపెనీ. ప్రతి కంపెనీకీ టాలీ ఒక నంబరు ఫోల్డర్ ఇస్తుంది. పాత వెర్షన్లలో మొదటి కంపెనీ 10000. పప్పుల కొట్లోనూ అదే, బట్టల కొట్లోనూ అదే. ఇద్దరూ పెన్ డ్రైవులో బ్యాకప్ తెచ్చి ఇస్తారు. పప్పుల కొట్టుది నీ డేటా ఫోల్డర్‌లోకి దించావు. మర్నాడు బట్టల కొట్టుది కూడా అక్కడికే దించితే, నంబరు ఒకటే కాబట్టి మొదటిది తుడిచిపెట్టుకుపోతుంది. తెర మీద హెచ్చరిక వచ్చినా, ఫోన్లో మాట్లాడుతూ ఎంటర్ కొట్టేస్తారు పిల్లలు.

రెండో రకం ఇంకా బాధ. కంపెనీ తెరుచుకోదు, ఎర్రర్. జీఎస్‌టీ గడువు ఆ సాయంత్రమే. చేతికందిన బ్యాకప్‌ను ఉన్నదాని మీదే దించేస్తారు. తీరా చూస్తే అది ఇరవై రోజుల కిందటిది. టాలీలోనే ఉన్న రిపేర్ కొడితే బతికేవేమో ఆ ఇరవై రోజుల ఓచర్లు. ఇప్పుడు రిపేర్ చెయ్యడానికి ఏదీ మిగలదు.

అందుకని ఒరేయ్, కంపెనీ చెడితే ముందు టాలీ మూసెయ్యి. చెడిన నంబరు ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు వేరే డిస్కులోకి కాపీ చెయ్యి. ఆ కాపీ మీద రిపేర్ నడిపి చూడు. రిస్టోర్ ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌లోకే, ఒక్కో కొట్టుకు ఒక్కో ఫోల్డర్. ఎక్కడికి దించాలి అని అడిగే గడిలో కనిపించే పాత దారిని చెరిపి కొత్తది నువ్వే కొట్టు. తెరిచాక ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల నిల్వల పట్టిక), చివరి ఓచరు తేదీ రెండూ చూస్తేనే నమ్ము.

1.44 ఎంబీ ఫ్లాపీల కాలంలో బ్యాకప్ నాలుగైదు ఫ్లాపీల మీదికి పాకేది. మూడోది చదవనంటే మిగతావన్నీ దండగ. ఆ భయంతోనే తీసిన వెంటనే చదివించి చూసేవారు. ఇప్పుడు క్షణంలో పడుతోంది కదా, ఎవరూ తెరిచి చూడరు. నువ్వు నెలకో కంపెనీనైనా దించి చూడు.

హార్డ్ డిస్కు టకటకమంటే వెంటనే ఆపి, రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. మళ్లీ మళ్లీ ఆన్ చేసినా, విండోస్‌లో డిస్కును సరిచూసే చెక్‌డిస్క్ నడిపినా మిగిలింది కూడా పోతుంది. ఫైలు డిలీట్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులో ఎక్కించకు. ఎస్ఎస్‌డీ అయితే, డిలీట్ చేసిన చోటును వెంటనే ఖాళీ చేసే ట్రిమ్ వల్ల డిలీట్ అయినవి దాదాపు తిరిగిరావు. కంపెనీ డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే టాలీ వాళ్లు కూడా తెరవలేరు. కాగితం మీద రాసి మీ అమ్మ బీరువాలో పెట్టించు. నవ్వకు, ఆవిడ బీరువాలోది ఏదీ పోదు.

జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఎవరైనా ఉంటే, వాళ్ల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో పడాలని 2022లో నిబంధన వచ్చింది. వాళ్ల ఆడిటర్‌ను అడిగి ఏర్పాటు చెయ్యి.

గది కింది అంతస్తని విన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ఎలా ముంచిందో తెలుసుగా. కంప్యూటర్ నేల మీద పెట్టకు, గోడకు బల్ల కొట్టించు. అదే బిల్డింగులో పై అంతస్తు ఖాళీ ఉందేమో ఓనరుని అడుగు. అద్దె తేడా ఎంతో చెప్పు, మొదటి ఏడాది నేను చూసుకుంటాను.

పెదనాన్న