క్రెడిట్ కార్డుతో వచ్చే హోటల్ గోల్డ్ స్టేటస్ ఎవరికి పనికొస్తుంది?

అమెరికా వచ్చి ఏడాది దాటి క్రెడిట్ స్కోరు కాస్త కుదురుకోగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది: హిల్టన్ కార్డు తీసుకుంటే గోల్డ్ స్టేటస్ (తరచూ దిగేవాళ్లకు హోటల్ ఇచ్చే సభ్యత్వ హోదా) ఊరికే వస్తుందట కదా, తీసుకోమంటారా? స్టేటస్ కోసమే అయితే వద్దు. కార్డు ఇచ్చే మిగతా వాటితోనే వార్షిక రుసుము రాబట్టుకోగలిగితే తీసుకోండి. స్టేటస్‌ను కొసరుగానే లెక్కేసుకోండి.

ముందు మీరు ఎలాంటి హోటళ్లలో దిగుతున్నారో చూసుకోండి. పిల్లలతో కారులో నయాగరాకో స్మోకీ మౌంటెన్స్‌కో వెళ్లే కుటుంబాలు ఎక్కువగా హ్యాంప్టన్ ఇన్, హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్, ఫెయిర్‌ఫీల్డ్ లాంటి చోట్ల దిగుతాయి. అక్కడ పొద్దున టిఫిన్ అందరికీ ఉచితమే. స్టేటస్ ఉన్నా లేకపోయినా అదే వాఫుల్, అదే గుడ్డు. మీకు అదనంగా దక్కేది మంచినీళ్ల సీసాలు, కొన్ని పాయింట్లు.

హిల్టన్, డబుల్‌ట్రీ లాంటి పెద్ద హోటళ్లలోనైనా, అమెరికాలో 2021 నుంచి గోల్డ్ వాళ్లకు ఉచిత బ్రేక్‌ఫాస్ట్ లేదు. దాని బదులు రోజుకు ఇంత అని తిండి ఖర్చుకు క్రెడిట్ ఇస్తారు. ఎంతన్నది బ్రాండును బట్టి, ఊరిని బట్టి మారుతుంది. అదీ గదికి ఇద్దరి వరకే. నలుగురున్న కుటుంబానికి బిల్లు వస్తే సగానికి పైగా మీ జేబులోంచే పోతుంది. ఇంకో చిక్కుంది. బుక్ చేసేటప్పుడు తొందరలో ‘ఒక అడల్ట్’ అని వదిలేస్తే క్రెడిట్ కూడా ఒక్కరికే వస్తుంది. అందుకే ఇద్దరినీ బుకింగ్‌లో చూపించండి. రెస్టారెంట్‌లో కార్డు గీకకుండా బిల్లును గది నంబరుకు రాయించండి. ఆ రోజు వాడని డబ్బు మర్నాటికి కలవదు. ఖాళీ చేసేటప్పుడు బిల్లు ప్రింటు తీయించి, క్రెడిట్ మైనస్‌లో పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఇంటికి వచ్చాక ఫోన్లు చేసి సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి.

గోల్డ్‌కు అసలు విలువ అమెరికా దాటాకే. ఇండియా వెళ్తూ దుబాయ్‌లోనో లండన్‌లోనో ఒకటి రెండు రోజులు ఆగితే హిల్టన్ హోటళ్లలో ఇద్దరికి కాంటినెంటల్ బ్రేక్‌ఫాస్ట్ ఉచితం. ఆసియాలో చాలాచోట్ల పూర్తి బఫేకే పంపిస్తారు. అలాంటి ప్రయాణాలు ఏటా ఉన్నవాళ్లకు ఇది నిజంగా కలిసొస్తుంది. ఊరెళ్తే నేరుగా ఇంటికే చేరేవాళ్లకు ఏమీ మిగలదు.

గోల్డ్ అన్న పేరు చూసి అన్నీ ఒకటే అనుకోకండి. మారియట్ గోల్డ్‌లో బ్రేక్‌ఫాస్ట్ లేదు. వీలుంటే మధ్యాహ్నం 2 దాకా గది ఉంచుతారు, పాయింట్లు 25 శాతం ఎక్కువిస్తారు. బ్రేక్‌ఫాస్ట్ కావాలంటే ప్లాటినం ఉండాలి, అప్పుడు కూడా అన్ని బ్రాండుల్లో రాదు. ఆ ప్లాటినం ఇచ్చే మారియట్ బ్రిలియంట్ కార్డు రుసుము ఏడాదికి 650 డాలర్లు. రెస్టారెంట్ ఖర్చుకు ఏడాదిలో 300 వెనక్కిస్తామంటారు కానీ అది నెలకు 25 చొప్పున. ఒక నెల మరిచిపోతే ఆ 25 పోయినట్టే. హయత్ కార్డుతో వచ్చే డిస్కవరిస్ట్ స్టేటస్‌కూ బ్రేక్‌ఫాస్ట్ లేదు.

ఇక లెక్క. గోల్డ్ ఇచ్చే హిల్టన్ సర్పాస్ కార్డు రుసుము 150 డాలర్లు. మూడు నెలలకోసారి హిల్టన్ హోటల్లో పెట్టిన ఖర్చులో 50 దాకా వెనక్కిస్తారు. ఏడాదిలో మూడు వేర్వేరు త్రైమాసికాల్లో ఒక్కో రాత్రి దిగినా రుసుము తీరిపోతుంది. వేసవిలో ఒక్కసారే తిరిగే కుటుంబానికి తీరదు. హాలిడే ఇన్‌ల సంస్థ ఐహెచ్‌జీ పేరున వచ్చే ప్రీమియర్ కార్డు రుసుము 99 డాలర్లు. ఏటా 40,000 పాయింట్ల లోపు గది ఒక రాత్రి ఉచితం, పాయింట్లతో బుక్ చేస్తే నాలుగో రాత్రి ఉచితం. హాలిడే ఇన్‌లలో దిగే కుటుంబాలకు ఈ ఒక్క ఉచిత రాత్రి ఏ స్టేటస్ కన్నా మేలు. రుసుములు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు కార్డు పేజీలో చూసి లెక్క వేసుకోండి.

ఎక్స్‌పీడియా, బుకింగ్.కామ్, మేక్‌మైట్రిప్ లాంటి వాటిలో బుక్ చేస్తే మామూలుగా పాయింట్లూ రావు, స్టేటస్ సౌకర్యాలూ రావు. హోటల్ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చేయాలి. హోటల్ కార్డుల్లో స్టేటస్ అసలు కార్డుదారుదే. భార్యకో భర్తకో అదనపు కార్డు తీసినంత మాత్రాన వాళ్లకు రాదు. అమ్మానాన్నల్ని వేరే గదిలో దింపితే సౌకర్యాలు మీ గదికే. మీరు లేకుండా వాళ్లొక్కరే వెళ్తే మీ పేరున బుక్ చేసినా ఒరిగేది లేదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది పేరు సమస్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్లు హోటల్ ఖాతాలో ఒకలా, కార్డు మీద ఇంకోలా రాస్తే రెండూ కలవక స్టేటస్ ఆగిపోతుంది. అప్లై చేయకముందే హోటల్ ఖాతా తెరిచి, పేరు రెండుచోట్లా అక్షరం తేడా లేకుండా ఉంచండి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ (అమెక్స్) ప్లాటినం కార్డు అయితే హోటల్ స్టేటస్ దానంతట అది రాదు, బెనిఫిట్స్ పేజీలో నమోదు చేసుకోవాలి.

కొత్తగా వచ్చినవాళ్లు రుసుము లేని హిల్టన్ కార్డుతో మొదలుపెడితే చాలు. దానితో వచ్చే సిల్వర్‌కు కూడా పాయింట్లతో బుక్ చేస్తే ఐదో రాత్రి ఉచితం. ఛేజ్ బ్యాంకు కార్డులు కావాలనుకుంటే 24 నెలల్లో కొత్త కార్డులు ఐదుకు చేరనివ్వకండి, చేరితే మామూలుగా తిరస్కరిస్తారు. నెల బిల్లు పూర్తిగా కట్టలేని పరిస్థితిలో ఏ హోటల్ కార్డూ వద్దు. 20 శాతం పైన పడే వడ్డీ ముందు ఉచిత టిఫిన్ ఏ మూలకు?

సర్పాస్ తీసుకున్నాక రెండో ఏడు లెక్క తేలకపోతే, కార్డు మూసేయకుండా రుసుము లేని హిల్టన్ కార్డుకు మార్చమని అడగండి. క్రెడిట్ లైన్ (కార్డు మీద మీకిచ్చిన అప్పు పరిమితి) నిలుస్తుంది. పడిన రుసుము వెనక్కి రావాలంటే ఆ స్టేట్‌మెంట్ తేదీ నుంచి 30 రోజుల్లోపే అడగండి.