సమాధానం: వాషింగ్టన్ పోర్టు పనికి మన బిడ్ రెండోది, అభ్యంతరం ఎలా పెట్టాలి?

అన్నా, తక్కువ ధర వేసి మొదటి స్థానంలో ఉన్నవాడు ఎలక్ట్రికల్ సబ్ కాంట్రాక్టర్ (తన కింద కరెంటు పని చేసేవాడు) పేరు ఇవ్వలేదని అనుమానం అన్నారు కదా, టెన్షన్ పడకుండా ఈరోజే పోర్టుకు మెయిల్ పెట్టి అన్ని బిడ్ల కాపీలు అడగండి. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం కాపీలు ఇచ్చాక రెండు పూర్తి పనిదినాల్లోపు మీ అభ్యంతరం రాతపూర్వకంగా చేరాలి, శని ఆదివారాలు లెక్కలోకి రావు. ఎవరూ కాపీలు అడక్కపోతే మాత్రం ఆ గడువు బిడ్లు తెరిచినప్పటి నుంచే, అక్కడే దెబ్బతినేది. ఫోన్లో చెబితే సరిపోదు.

అంచనా మిలియన్ డాలర్లు, ఆపైన ఉన్న పనికి ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ సబ్ కాంట్రాక్టర్ల పేర్లు బిడ్ గడువు ముగిసిన గంటలోపు, స్టీలు పని సబ్ కాంట్రాక్టర్లవి 48 గంటల్లోపు ఇవ్వాలి. లేకపోతే ఆ బిడ్ చెల్లదు. కానీ ఎలక్ట్రికల్ పని తానే చేస్తానని ఆ మొదటివాడు రాసి ఉంటే ఈ పాయింట్ నిలవదు, అది చూశాకే లాయర్‌కి డబ్బు కట్టండి.