టెక్ సందేహాలు: క్యూజీఐఎస్‌లో పొలం ఎందుకు పెరిగింది?

ప్రశ్న: గుంటూరు దగ్గర మా పొలం పాసుపుస్తకంలో రెండెకరాలు. క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) ఉపగ్రహ చిత్రం మీద గట్ల వెంట గీసి, ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో ఏరియా ఫంక్షన్ వేస్తే 2.18 ఎకరాలు వస్తోంది. రికార్డే తప్పా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అర్జీ పెట్టేయకండి! ఆ 18 సెంట్లు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా పరిచే పద్ధతి) పుణ్యమే. ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎక్కువ భాగం వాడేది వెబ్ మెర్కేటర్ (కోడ్ 3857). భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ అందులో ప్రతిదీ సాగుతుంది. మన 16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఎకరం దాదాపు 109 సెంట్లు అయి కూర్చుంటుంది. దారి వెతుక్కోవడానికి భేషుగ్గా ఉంటుంది గానీ విస్తీర్ణానికి పనికిరాదు. ఫోన్ జీపీఎస్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాల్లో (కోడ్ 4326) గీసినా అంతే, జవాబు చదరపు డిగ్రీల్లో వస్తుంది.

మీకు కావలసింది యూటీఎం జోన్ 44ఎన్ (కోడ్ 32644). యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా చీల్చి, మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల దాకా ఇదే జోన్. దాని మధ్యరేఖ 81 డిగ్రీలు, అంటే విజయవాడకు కాస్త తూర్పునే. ఆ రేఖ మీద స్కేలు 0.9996 కాబట్టి మన దగ్గర ఎకరానికి నాలుగు గజాల లోపు తగ్గుతుంది. గీసేటప్పుడు మౌస్ పక్కకు జరిగితే వచ్చే తేడా అంతకన్నా ఎక్కువే.

చాలామంది బోల్తాపడేది ఇక్కడ: 'సెట్ లేయర్ సీఆర్ఎస్' (సీఆర్ఎస్ అంటే మ్యాపు వాడే కొలతల పద్ధతి) నొక్కితే పేరు మారుతుంది తప్ప అంకెలు మారవు, పొలం ఇంకెక్కడికో ఎగిరిపోతుంది. 'రీప్రొజెక్ట్ లేయర్'తో కొత్త లేయర్ చేసుకుని అందులో కొలవండి. లేదా డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా ఫంక్షన్ వాడండి. ప్రాజెక్టులో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి గణిత నమూనా) సరిగా పెట్టి ఉంటే అది భూమి వంపునూ లెక్కలోకి తీసుకుంటుంది. సరిహద్దు తగాదా అయితే మాత్రం సర్వేయరే దిక్కు.

ప్రశ్న: రాష్ట్రం మొత్తానికీ 44ఎన్ చాలదా? పాత టోపోషీట్లు (సర్వే వాళ్ల కాగితపు మ్యాపులు) కూడా దానిమీద పరవాలి.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: చాలదు. అనంతపురం జోన్ 43లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. 14, 18 డిగ్రీలను ప్రామాణిక అక్షాంశాలుగా (స్కేలు సరిగ్గా ఉండే రేఖలు) పెట్టుకుని లాంబర్ట్ కోనిక్ ప్రొజెక్షన్ వాడండి. జిల్లాల విస్తీర్ణాలు పోల్చాలంటే అవే అంకెలతో, విస్తీర్ణాన్ని చెడగొట్టని ఆల్బర్స్ ప్రొజెక్షన్. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద గీసినవి. వాటిని నేరుగా డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే నమూనా) అనుకుని పరిస్తే వంద మీటర్లకు పైగా జరుగుతాయి, కృష్ణ ఒడ్డున ఉన్న ఇళ్లు నదిలో తేలతాయి. జియోరిఫరెన్స్ చేసేటప్పుడే (స్కాన్ చేసిన షీటును దాని అసలు చోట కూర్చోబెట్టేటప్పుడే) కల్యాణ్‌పూర్ డేటమ్ (ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద ఆధారపడిన కొలతల ఆధారం) ఎంచుకుని, ఆ తర్వాత డబ్ల్యూజీఎస్ 84కి మార్చుకోండి.