జీతాల బాకీ తీర్చడానికి ఇల్లు తాకట్టు పెట్టొద్దు

ప్రశ్న: హనుమకొండలో మానసిక దివ్యాంగ పిల్లలకు డే కేర్ సెంటర్ నడుపుతున్నాం. ట్రస్టు పెట్టి తొమ్మిదేళ్లయింది. 38 మంది పిల్లలు, ఏడుగురు సిబ్బంది, నెలకు 1.80 లక్షల ఖర్చు. రావలసిన గ్రాంటు ఎనిమిది నెలలుగా రాలేదు. నా నాలుగు తులాల గాజులు బ్యాంకులో కుదువబెట్టాను. నూటికి మూడు రూపాయల మిత్తికి బయట రెండు లక్షలు తెచ్చాను. ఇప్పుడు ఒక సంస్థ ‘సామాజిక పెట్టుబడి’ కింద 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో 15 లక్షలు ఇస్తానంటోంది. హామీగా మా ఇంటి కాగితాలు అడుగుతున్నారు. ఆరు లక్షలతో బాకీలు, జీతాలు తీర్చి, తొమ్మిది లక్షలతో పిల్లల తల్లుల చేత వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలతో సంచులు కుట్టించే యూనిట్ పెట్టాలని ఉంది. తీసుకోవచ్చా? లేక సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (సేవా సంస్థలు నిధులు సేకరించుకునే స్టాక్ మార్కెట్ విభాగం) వైపు వెళ్లాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. పరకాల నుంచి మంచిర్యాల దాకా నాకు తెలిసిన చిన్న ట్రస్టులు చాలావరకు ఇదే దారిలో ఇరుక్కున్నాయి. అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన క్యాష్‌బుక్ పేజీలు చూశాను. మూడు నెలలుగా ‘ఆయమ్మ జీతం’ అన్న చోట ఎర్ర ఇంకుతో ‘బాకీ’ అని రాసి ఉంది. అదే పేజీల్లో ‘మిత్తి 6,000’ మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. పిల్లలకు అన్నం కలిపి తినిపించే మనిషి కంటే ముందు వడ్డీకిచ్చినవాళ్లకు డబ్బు వెళ్తోంది. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఏ సేవా సంస్థా ఆ భారం మోయలేదు. ఇంత అనుభవం ఉన్న మీరు ఆ అప్పు ఎలా తెచ్చారమ్మా?

గ్రాంటు ఆలస్యం కావడం మీ చేతిలో లేదు. కానీ తొమ్మిదేళ్లు నడిచిన ట్రస్టు దగ్గర ఒక్క నెల జీతాలకు సరిపడా నిల్వ కూడా లేకపోవడం మీ చేతిలోని పనే. ఎందుకు దాచలేదంటే చాలామంది చెప్పే కారణం ఒకటే: ‘ట్రస్టు డబ్బు ఖర్చు పెట్టేయాలి, మిగిలిస్తే పన్ను పడుతుంది’. ఇది సగమే నిజం. ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం ఖర్చు చేయాలన్నది నిబంధన. మిగతా 15 శాతం దాచుకోవడానికి చట్టమే ఒప్పుకుంటుంది. మీ ఏడాది ఆదాయం 22 లక్షలనుకుంటే 3.30 లక్షలు. అంతా ఒకేసారి కుదరదు, తెలుసు. నెలకు పది వేలతో మొదలుపెట్టినా, మూడు నెలల ఖర్చు, అంటే 5.40 లక్షలు చేరేదాకా ఆపకండి. ఇది విడి ఖాతాలో, ఇద్దరు ట్రస్టీల సంతకం ఉంటేనే కదిలేలా ఉండాలి. బ్యాంకు ఎఫ్‌డీ చాలు. మన దగ్గర సంఘాల డబ్బు చిట్టీల్లో వేసే అలవాటు ఉంది. ట్రస్టు డబ్బుకు చట్టం అనుమతించిన పెట్టుబడుల్లో చిట్టీ లేదు, దాని జోలికి వెళ్లకండి.

ఇక ఆ 15 లక్షల సంగతి. పేరు సామాజిక పెట్టుబడే అయినా తిరిగి కట్టాల్సిన డబ్బు అది. ఇంటి కాగితాలు అడిగాక మామూలు తాకట్టు అప్పుకూ దీనికీ నాకు తేడా కనిపించడం లేదు. వాయిదా నెలకు దాదాపు 33,400 అవుతుంది. సంచుల మీద మీరు వేసుకున్న లెక్క ప్రకారమే ఖర్చులు పోను మిగిలేది 12,000. నెలనెలా తగ్గే 21,400 ఎక్కడి నుంచి తెస్తారు? మీ పుస్తకంలో పిల్లల మధ్యాహ్న భోజనం ఖర్చు 21,000 అని ఉంది. వాయిదా తేదీ వచ్చినప్పుడు చెయ్యి వెళ్లేది అక్కడికే. అదీ సంచులన్నీ అమ్ముడుపోతేనే.

ఇలాంటి డబ్బు చెడ్డదని నేను అనను. బ్రిటన్‌లో దీనికోసమే 2012లో ప్రత్యేక సంస్థ పెట్టారు. మన పక్కనే ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి రైతులకు అప్పులిస్తూ నిలబడింది. అక్కడ పంట అమ్మితే పైసలొస్తాయి, బాకీ తీరుతుంది. పాత బాకీలు, జీతాల కోసం వాడిన ఆరు లక్షలు మాత్రం ఒక్క రూపాయి కూడా సంపాదించి పెట్టవు.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గురించి కూడా అడిగారు. అక్కడ సేకరించే డబ్బు తిరిగి కట్టక్కర్లేదు, నిజమే. కానీ రిజిస్టర్ కావాలంటే గత ఏడాది కనీసం 50 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీది 22 లక్షలే. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులకు 12ఏ (ట్రస్టు ఆదాయంపై పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు), సీఎస్‌ఆర్-1 (ఈ నిధులు తీసుకోవడానికి నమోదు) రిజిస్ట్రేషన్లు సిద్ధంగా పెట్టుకుని ప్రయత్నించండి, కానీ చేతికి రాని డబ్బును బడ్జెట్‌లో రాయొద్దు. పిల్లలందరికీ కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఉందో లేదో ఈ వారమే చూడండి.

ముందుగా ట్రస్టీల మీటింగ్ పెట్టండి. ఆ మిత్తి అప్పు రెండు లక్షలూ ట్రస్టీలు తలా కొంత విరాళంగా వేసి తీర్చాలి. మీ గాజులు మాత్రమే ఎందుకు పోవాలి? ఆ అప్పు తీరాక నెలనెలా మిగిలే ఆరు వేలు ముందు ఆయమ్మ బాకీకి, తర్వాత నిల్వ ఖాతాకు వెళ్లాలి. మిగతా జీతాల బాకీకి పాత దాతలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పండి. సంచుల పని రెండు అద్దె మిషన్లతో ఆరు నెలలు చేసి చూడండి. అమ్మకాలు నిలబడితే అదే సంస్థను రెండు మూడు లక్షలు, ఇంటి హామీ లేకుండా, అమ్మకాలను బట్టి వాయిదా ఉండేలా అడగండి. ఒప్పుకుంటే ఆ ఒప్పంద పత్రం నాకు పంపండి, చదివి చెబుతాను. అప్పటిదాకా ఇంటి కాగితాలు బీరువాలోంచి తీయకండి.