కోట గోడ కంటే ముందు బజారు చూడు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. కోట మరమ్మతు పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. బురుజులున్నాయి, గోడలున్నాయి. గోడ కిందున్న బజారు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

వందల ఏళ్లు నిలబడ్డ బురుజు ఇంకో ఆర్నెల్లు ఆగుతుంది. గంపలో పూలు పెట్టుకుని కూర్చునే ఆవిడ ఆగలేదు. ఒక్క దసరా సీజను పోతే రోజువారీ వడ్డీ కట్టలేక ఆ చోటే వదిలేస్తుంది. పని షెడ్యూల్లో ముందు పండగలు, పెళ్లి ముహూర్తాలు రాసుకో. మిగిలిన రోజుల్లో గోడ పని పెట్టుకో.

మన ఊరే చూడు. ఈస్టిండియా కంపెనీవాళ్లు కట్టుకున్న కోట పోయి కోటవీధి అన్న పేరు మిగిలింది. కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ ఇప్పటికీ కిటకిటలాడుతున్నాయి. పాతపట్నానికి జనం వస్తున్నది వాటికోసమే. ఇరాక్‌లో ఎర్బిల్ కోట 2014లో యునెస్కో జాబితాకెక్కింది. అంతకు ముందే మరమ్మతుల కోసం లోపలి కుటుంబాలను ఖాళీ చేయించి, ఊరు ఎప్పుడూ ఖాళీ కాలేదని చెప్పుకోవడానికి ఒక్క కుటుంబాన్ని ఉంచారు. ఆ పరిస్థితి నీ బజారుకు రానివ్వకు.

తెల్లవారుజామున నోటుబుక్కు పట్టుకుని వెళ్లు. లారీ ఎక్కడాగుతుంది, కళాసీలు మూట ఎక్కడ దింపుతారు, ఏ షాపు టార్పాలిన్ తాడు కోట మేకుకు కట్టుంది, అన్నీ గీసుకో. మరీ ముఖ్యంగా నీళ్లు చూడు. చేపల బుట్టలు, కూరగాయలు కడిగిన నీళ్లు కాలవ లేక గోడ మొదట్లోకే ఇంకుతాయి. అక్కడ ఇటుక పొడిపొడిగా రాలుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక ఇంకా లోపలినుంచి తినేస్తుంది. గానుగ సున్నమే వాడు, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపే పాత మేస్త్రీలు ఇంకా దొరుకుతారు. కానీ ముందు బజారుకు మంచి కాలవ తవ్వించు. ఆ ఖర్చు కోట ఖాతాలోనే రాయి, ఎందుకంటే లాభం రెండింటికీ.

చట్టం కూడా తెలుసుకో. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తి కాకుండా ఎవరినీ లేపకూడదు. 50 ఏళ్లు దాటి నడుస్తున్న సహజ మార్కెట్‌ను, అంటే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఎప్పటినుంచో చేరే చోటును, వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లను వేరే చోటికి తరలించకూడదు. మీ ఆఫీసులో ఎవరైనా ‘ఆక్రమణ’ అంటే ఈ మాట చూపించు. కోట కేంద్ర రక్షిత కట్టడమైతే 100 మీటర్లలోపు పాత షాపు రిపేరుకైనా అనుమతి కావాలి. ఆ కాగితాల కోసం చిన్న వ్యాపారి ఆఫీసుల చుట్టూ తిరగలేడు. నీ ప్రాజెక్టు తరఫునే అందరికీ కలిపి దరఖాస్తు పెట్టించు.

కొన్నాళ్లు జరపక తప్పకపోతే పక్క వీధిలోనే షెడ్లు వేయి, ఊరి చివర కాదు. పేరు, పాత స్థలం కొలత, తిరిగొచ్చే తేదీ రాసి సంతకంతో ఒక్కొక్కరి చేతికివ్వు. నోటిమాట వద్దు.

డ్రాయింగులో బజారు కూడా గీశాక నాకో కాపీ పంపు. అంతకన్నా ముందు కళాసీల మేస్త్రీకి చూపించు. మన గీతల్లో లారీ తిరగదని ముందు పట్టేది అతనే.

ఆశీస్సులతో,
మావయ్య