మొదటి పిలుపుకి పలకని అమ్మమ్మ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ‘ఓ స్త్రీ రేపు రా’ మీద రాశావనగానే ఆశగా మొదలుపెట్టాను. ఆఖరి పేజీలో సైన్సు మాస్టారు ఊడిపడి, దయ్యం లేదు గియ్యం లేదు, అదంతా దొంగల పని అని ఉపన్యాసం దంచేసరికి ఒళ్లు మండింది. ఆయన్ని ఎవరు పిలిచారయ్యా?

ఎవరు పిలిచారో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఇదే సంగతి మీద కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. ‘మూఢనమ్మకాలను ప్రోత్సహించేలా ఉంది, చివర్లో నిజం బయటపెట్టండి’ అని తిప్పి పంపారు ఎడిటర్ గారు. బయటపెట్టాను. అచ్చయింది. ఆ కథను ఈ రోజుకీ ఎవరికీ చూపించను. వాళ్ల కోసం రాయకు.

దయ్యం సంగతి వదిలెయ్. ఎవరు చెప్పారు, ఎవరు నమ్మారు, నమ్మి ఏం చేశారు, అది పట్టుకో. ఆ పుకారు మా వీధికి వచ్చినప్పుడు నాది తొమ్మిదో తరగతి. రాత్రిపూట ఒక ఆడదయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, పలికితే ప్రాణం పోతుందట, తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుంటే చదివి వెనక్కి పోతుందట. నా చేతికి సుద్దముక్క ఇచ్చి ఇంటింటికీ తిప్పారు. పక్కింటి పెద్దమ్మ తన తలుపు మీద రాసింది నాతో మూడుసార్లు చదివించుకుని, ‘దానికి చదువొచ్చా నాయనా?’ అని అడిగింది. 1991 జనాభా లెక్కల ప్రకారం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది. తలుపు లోపలి మనిషికి అక్షరం రాదు, బయట నిలబడ్డదానికి వచ్చు. కథ అక్కడుంది.

మరి ‘రేపు రా’ ఎక్కడి మాట? కిరాణా కొట్లో ‘నేడు నగదు, రేపు అరువు’ అన్న అట్ట చూడు. అప్పులవాడు గుమ్మంలోకొస్తే మన అమ్మలు అన్న మాట కూడా అదే. దయ్యాన్నీ దాంతోనే సాగనంపారు. బెంగళూరులో అదే మాటను కన్నడంలో ‘నాళె బా’ అని రాసుకున్నారు.

పుకారుని తేలిగ్గా తీసుకోమని మాత్రం అనను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటూ వాట్సాప్‌లో తిరిగిన వీడియో అసలు కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. ఎత్తుకెళ్లినవాడు బిడ్డను వెనక్కి తెచ్చి దింపే చివరి ముక్క కోసేసి వదిలారు. ఆ వేసవిలో మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాత జూలైలో గానీ ఫార్వర్డ్‌లు ఐదు చాట్‌లకు మించకుండా వాట్సాప్ కట్టడి పెట్టలేదు. అప్పుడు అయినవాళ్ల గొంతుకి జడిసిన మనం, ఇప్పుడు ఊరుగాని ఊరి మనిషి ముఖానికి జడుస్తున్నాం. ఈ మధ్యలో మన వీధుల్లో ఎవరొచ్చారు, ఎవరు పోయారు? ఎవరి భాష అర్థంకాక కర్ర తీశాం? ఇది రాయాలంటే సైన్సు మాస్టారు సరిపోడు.

నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘అమ్మమ్మ ఇప్పటికీ మొదటి పిలుపుకి పలకదు.’ ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. నువ్వేమో దాన్ని దాటుకుని పరిగెత్తావు.

ఈసారి ఊరెళ్లినప్పుడు తలుపు కొట్టి పిలువు. ఎన్నో పిలుపుకి పలికిందో లెక్కపెట్టు. అప్పటిదాకా లోపల ఏం చేస్తూ ఉందో అడుగు. రాసి పంపు.

అన్నయ్య