చిట్టీ, సోనార్ ముందు కూర్చునే ముందు

చిట్టీ,

మునిగిన ఓడల సొమ్ము వెతికే బృందంలో సోనార్ (ధ్వని పంపి సముద్రం అడుగును బొమ్మగా చూపించే యంత్రం) ఆపరేటర్‌గా అట్లాంటిక్‌కి వెళ్తున్నావని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా పిల్ల సముద్రం అడుగు చూడబోతోందని వీధిలో కనపడ్డ అందరికీ చెప్పుకున్నాను. జీతం తక్కువ, దొరికినదాంట్లో వాటా ఇస్తారట అని అమ్మ అన్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

పని నీకు తెలుసు. వెతికేటప్పుడు బోటు నడిచే లైన్లు కొంత ఒకదాని మీద ఒకటి పడేలా వెయ్యి. నీళ్లలో ధ్వని వేగం కొలవడం మానకు. బంగారం, వెండి మాగ్నెటోమీటర్‌కి (అయస్కాంత మార్పులు పసిగట్టే పరికరం) అందవు, దానికి దొరికేది ఇనుమే.

తెర మీద ఓడ కనపడగానే మీరు వెతికే ఓడ అదే అనుకోవద్దు. 1857లో ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా కాలిఫోర్నియా బంగారంతో వస్తూ తుఫానులో చిక్కి, అమెరికాలోని కరోలినా తీరానికి దూరంగా మునిగింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. మునిగిన ఆ ఓడ బంగారం కోసం టామీ థాంప్సన్ అనే ఆయన బృందం 1986లో అక్కడ సైడ్‌స్కాన్ సోనార్‌తో (రెండు పక్కలకీ అడుగును చూసే సోనార్) గాలిస్తే ఒక బొమ్మలో చక్రంలాంటి గుండ్రటి ఆకారం వచ్చింది. సెంట్రల్ అమెరికాకి రెండు పక్కలా నీటిని తోసే చక్రాలుండేవి. ఇంకేం, 1987లో దాని మీదే పడ్డారు. అక్కడ దొరికిన బొగ్గు ముక్క చూపించి కోర్టులో హక్కు కూడా అడిగారు. తీరా అది వేరే ఓడ. అసలుది 1988లో ఇంకో చోట, రెండు వేల మీటర్లకు పైగా లోతులో దొరికింది. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదమ్మా. ఆశ ముందు కూర్చుంటే కన్ను దానికి కావలసిందే చూస్తుంది.

మా సర్వే బోటులో ఒక పెద్దాయన ఉండేవారు. బొమ్మ కాదు, వస్తువు వెనక ధ్వని చేరని చోట పడే నీడ చూడమనేవారు. నీడ పొడవు, ఫిష్ (బోటు వెనక నీళ్లలో లాగే సోనార్ పరికరం) అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది, వస్తువు దానికి ఎంత దూరంలో ఉంది, ఇవి తెలిస్తే ఆ వస్తువు ఎత్తు లెక్కకట్టొచ్చు. అడ్డంగా మరో లైను వేసి రెండో వైపు నుంచి చూసేదాకా లాగ్‌లో దానికి పేరు రాయనిచ్చేవారు కాదు. అప్పుడు ఆయన్ని చూస్తే విసుగొచ్చేది. ఇప్పుడు ఆయన మాటే నీకు చెప్తున్నాను.

ఇక ఆ వాటా సంగతి. అంత చదువు చదివి, ఎవరో చూపించిన బంగారానికి జీతం వదులుకుంటావా? థాంప్సన్‌కి డబ్బు పెట్టినవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. బంగారు నాణేలు ఎక్కడున్నాయో చెప్పలేదని ఆయన జైలుకెళ్లాడు. మునిగిన ఓడలు వెతికే ఒడిస్సీ అనే కంపెనీ స్పెయిన్ యుద్ధనౌక మెర్సెడెస్ నుంచి దాదాపు 17 టన్నుల నాణేలు తీసి, 2012లో స్పెయిన్‌కే అప్పగించాల్సి వచ్చింది. అదే కంపెనీ 2011లో గైర్‌సొప్పాను కనుక్కుంది. కలకత్తా నుంచి వెండి, టీ ఎత్తుకుని బయల్దేరి 1941లో జర్మన్ టార్పెడోకి మునిగిన ఓడ అది. బ్రిటిష్ ప్రభుత్వంతో ముందే ఒప్పందం ఉంది కాబట్టి దాదాపు 4,700 మీటర్ల లోతు నుంచి టన్నుల కొద్దీ వెండి తీసినా ఆ కంపెనీ వాటా నిలిచింది. ఆ ఓడలో పోయినవాళ్లలో చాలామంది మనదేశపు నావికులేనమ్మా. అలాంటి చోట పని చేస్తున్నప్పుడు అది గుర్తుంచుకో.

వించ్ (బరువులు లాగే యంత్రం) తీగ బిగిసి ఉన్నప్పుడు దాని దరిదాపుల్లో నిలబడకు. తెగిన తీగ మనిషిని ఏం చేస్తుందో నేను చూశాను. రాత్రి డెక్ మీదకి ఒక్కదానివే వెళ్లకు.

కాగితాల మీద సంతకం పెట్టకముందే నాకు పంపు. జీతం, బీమా, ఓడ మీద హక్కు ఎవరిది, మూడూ నేను చదవాలి. ఈ ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ మావయ్య